డెల్టాను విడిచిపోవుట యుక్తమా?

కృష్ణా గోదావరీ డెల్టాలలో రెండెకరముల మాగాణియు, ఇద్దరు కుమారులును గల గృహస్థునకు నిదుర పట్టనీయని ప్రశ్న యొకటి నేడు కలదు. తన భూమి వెల విన్నచో నాతడు ధనవంతుడు. ఆ భూమిపై వచ్చు ఫలసాయము చూచినచో బీదవాడు. ఆ రెండెకరములను అమ్మి, ఆ సొమ్ముతో తుంగభద్రా ప్రాంతముననో, తెలంగాణపు మెట్ట మండలములలోనో అంతకు పెక్కురెట్లు భూమిని కొనవచ్చునని దళారి చెప్పుచున్నాడు. ముందు పోయిన బంధువులు మేడలు కట్టిరని ఊరివారు చెప్పుచున్నారు. పోయి నష్టపడి తిరిగివచ్చినవారి సంగతిని మాత్ర మెవ్వరును చెప్పుటలేదు. ఈ ప్రశ్న పైకి చూచుటకు ఒక్కొక్క కుటుంబమునకు సంబంధించినదే. అయినను, ఇట్టి కుటుంబములు డెల్టా గ్రామములలో పెక్కుగా నున్నవి కావున, ఇందునుగూర్చి మా అభిప్రాయమును పాఠకులకు విన్నవింపదలచితిమి.

మొట్టమొదట అంగీకరింపవలసిన విషయ మొకటి కలదు. డెల్టాలో భూమి వెల పంటనుబట్టి నిర్ణయమగుట మానివేసి చాలకాల మైనది. పట్టణములు పెరిగి పొలములను సమీపించినవి. రహదారి ప్రక్క పొలము ఇండ్లస్థలముగా నెంచబడుచున్నది. పల్లపు భూములు చేపల చెరువులును, రొయ్యల చెరువులును అయినవి. నగరములలోను, విదేశములలోను ఉద్యోగములు చేయువారి సొమ్ము స్వగ్రామపు భూమిని వెదకుకొని వచ్చుచున్నది. 2014లో రాష్ట్రము విభజింపబడి, 2015లో అమరావతి రాజధానికై రైతులు 30 వేల ఎకరములకు మించిన భూమిని సమీకరణక్రింద ఇచ్చినప్పుడు, ఆ చుట్టుప్రక్కల వెల లెట్లు పెరిగెనో, 2019లో రాజధానిని మూడుగా చీల్చుదుమను ప్రకటన వెలువడినప్పుడు ఎట్లు క్రుంగెనో, 2024లో ప్రభుత్వము మారిన పిమ్మట మరల నెట్లు లేచెనో మన మందరమును చూచితిమి. ఆ యేండ్లలో ఆ నేలయొక్క సారము పెరుగనులేదు, తరుగనులేదు. మారినది ఆశ యొక్కటియే. కావున డెల్టా భూమి వెలలో వడ్ల వెల కొంత. ఆశ వెల చాల.

ఇట్టి స్థితిలో ఎకరమునకు వచ్చు కౌలును రూకలుగా మార్చి, ఆ యెకరము వెలతో పోల్చి చూచినచో, అదే సొమ్ము బ్యాంకులో నున్నను అంతకంటె హెచ్చు వడ్డీ వచ్చునని పెక్కు గ్రామములలో తేలుచున్నది. తానే దున్నుకొను రైతునకు తన భూమి పనిముట్టు; ఆ పనిముట్టు వెల ఎంత పెరిగినను దానివలన వచ్చు పని పెరుగదు. రెండెకరములు ఇద్దరు కుమారులకు పంచినచో ఒక్కొక్కరికి ఎకరము. మనుమల కాలమునకు కుంటలు. కావున అమ్మి పోదునని తలచువానిని పితృభూమిపై భక్తిలేనివాడని నిందించుట అన్యాయము. వాని లెక్క తప్పు కాదు. అది సగము లెక్క మాత్రమే. తక్కిన సగమును ఎత్తి చూపుటయే మా యుద్దేశము.

తక్కిన సగము తెలియుటకు డెల్టా చరిత్రయే చాలును. నేడు ఇంత ప్రియమైన ఈ నేల ఒకప్పుడు చౌకయై, జనులు విడిచిపోవుచుండిన నేల. 1832-33లో వచ్చిన నందన కరవున గుంటూరు మండలమున గ్రామములు గ్రామములే పాడుపడెను. గోదావరీ ప్రాంతమున కరవుల వలనను, తుపానుల వలనను ఆ దశాబ్దములలో జనసంఖ్యయే తగ్గెను. అప్పుడును నది యుండెను, ఒండ్రుమట్టి యుండెను. లేనిది నీటిని నిలిపి పొలమునకు మరల్చు కట్ట. 1847లో ప్రారంభమై 1852 నాటికి పూర్తియైన ధవళేశ్వరపు ఆనకట్టయు, 1855 నాటికి పూర్తియైన బెజవాడ ఆనకట్టయు ఆ కొరతను తీర్చెను. నాటినుండి భూమి వెల పెరుగజొచ్చినది. విడిచిపోయిన నేలకు జనులు తిరిగి రాజొచ్చిరి.

ఇందుండి మేము గ్రహించిన సూత్ర మిది: భూమి ఊరక చౌకగా నుండదు. చౌకగా నున్న ప్రతి చోటను ఏదో యొకటి కొరవడియుండును. ఆ కొరతకే ‘చౌక’ యని పేరు. కావున వలసపోదలచినవాడు ‘ఎకర మెంత?’ అని యడుగుటకు ముందు ‘ఇచ్చట కొరవడిన దేమి?’ అని యడుగవలెను. పిదప ‘ఆ కొరతను నేను తీర్పగలనా?’ అని తన్ను తా నడుగుకొనవలెను. తీర్పగలవానికి అది లాభము. తీర్పలేనివానికి అది చౌక కాదు, ఉరి. ఈ సూత్రమును మన రైతుల వలసలతో సరిచూచుదము.

మొదట నిజాముసాగరము. మంజీరానదిపై 1923లో ప్రారంభింపబడి 1931లో పూర్తియైన ఆ జలాశయమునకు పెట్టుకొనిన ఆయకట్టు 2,75,000 ఎకరములు. కాలువలు వచ్చెను కాని, విస్తారముగా వరి పండించుటకు వలసిన పెట్టుబడియు, అలవాటును అచ్చట చాలినంత లేకుండెను. కొరవడిన దదియే. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల రైతులు బోధను, వర్ని, కోటగిరి ప్రాంతములకు పోయి ఆ కొరతను తీర్చిరి. బోధనులో 1937లో ఏర్పడిన నిజాము చక్కెర కర్మాగారము వారి చెరకునకు అంగడి యయ్యెను. లెక్క సరిపోయినది, పెక్కు కుటుంబములు బాగుపడినవి. కాని తీరిన కొరత మరల రాదను నమ్మకము లేదు. మొదట దాదాపు 30 టి.ఎం.సి.ల నీరు పట్టిన ఆ జలాశయము నాలుగు దశాబ్దములలో పూడికచే సగమునకంటె తక్కువకు దిగెను. పిదప కట్టను ఎత్తుచేసి కొంత సరిపెట్టవలసివచ్చెను. (ఒక టి.ఎం.సి. యనగా 100 కోట్ల ఘనపుటడుగులు.) ఎగువను సింగూరు జలాశయము వెలసి, హైదరాబాదు నగరపు దప్పిక తీర్చుటకు మంజీరా నీటిని పంచుకొనెను. చక్కెర కర్మాగారము 2015లో మూతపడెను. తాత కొన్న పొలము అదియే. మనుమని నాటి నీరును, అంగడియును వేరు.

రెండవది తుంగభద్ర. మన వలసలలో నింతకంటె ఘనమైనది లేదు. 1945లో మదరాసు, హైదరాబాదు ప్రభుత్వములు కలసి పునాది వేసిన ఆ ఆనకట్టనుండి 1953లో నీరు పారజొచ్చెను. ఎడమ కాలువక్రింద రాయచూరు జిల్లాలో దాదాపు 6 లక్షల ఎకరములు సాగునకు వచ్చునని యేర్పాటు. అది నల్లరేగడి నేల, వానకు ఎదురుచూచు నేల. జొన్నయు, ప్రత్తియు పండించుకొను రైతుల నేల. వారికి కాలువనీరు క్రొత్త. మడిని చదును చేయుటకు, గట్లు వేయుటకు, బోదెలు త్రవ్వుటకు వలయు సొమ్ము లేదు. నీరు వచ్చినచో రేగడి చెడునను భయమును కొందరి కుండెను. అందువలన వారు అమ్ముటకు సిద్ధపడిరి. డెల్టాలో ఎకర మమ్మి అచ్చట పెక్కెకరములు కొనగల మన రైతు సొమ్మును, నేర్పును వెంటబెట్టుకొనిపోయెను. గంగావతి, కారటగి, సింధనూరు ప్రాంతములలో తుమ్మలు నరికి, గుడిసెలు వేసికొని, ‘క్యాంపులు’ అను పేర గ్రామములను కట్టిరి. గంగావతి దగ్గరి శ్రీరామనగరము, సింధనూరు దగ్గరి గాంధీనగరము నేటికిని ఆ చరిత్రకు సాక్షులు. ఆ ప్రాంతము నేడు బియ్యపు మిల్లులకు ప్రసిద్ధి. కొరత నెరిగి దానిని తీర్పగలవాడు పోయినచోట వలస ఫలించుననుటకు ఇది నిదర్శనము.

కాని ఆ కాలువయే రెండవ పాఠమును గూడ చెప్పుచున్నది. ఆ యాయకట్టులో అధికభాగము ఆరుతడి పంటలకే నిర్ణయింపబడినది. కొంచెము నీటిని ఎక్కువ నేలకు పంచి కరవును నివారింపవలెననుట ఆ యేర్పాటుయొక్క యుద్దేశము. కాలువ మొదట భూమి గలవారు వరి నాటిరి. వరి త్రాగు నీటికి అంతు లేదు. మొదటివాడు త్రాగినకొలది చివరివాని పొలమునకు దప్పిక. మానవి, రాయచూరు వైపు శివారు భూములకు నీరు సరిగా చేరదను మొర నేటిది కాదు. ఎక్కువ నీరు నిలిచినచోట ఊటయెక్కి చౌడు పుట్టెను. ఒకే కాలువ, ఒకే దళారి, ఒకే మాటలు. కాని మొదటి తూము క్రింద కొన్నవాడు భాగ్యవంతుడు, చివరి తూము క్రింద కొన్నవాడు ఋణగ్రస్తుడు. చివరి భూమి యింకను చౌకగా దొరకును. అచ్చట కొరవడినది నేర్పు కాదు, సొమ్ము కాదు, నీరు. దానిని ఏ రైతు తన గుడ్డమూటలో మూటగట్టుకొని పోగలడు?

జలాశయముమాట యేమి? మొదట దాదాపు 133 టి.ఎం.సి.లు పట్టిన తుంగభద్రా జలాశయము, 2016లో కొలిచిచూచినప్పుడు దాదాపు 106 టి.ఎం.సి.లు మాత్రమే పట్టునని తేలినది. తక్కిన చోటును పూడిక ఆక్రమించినది. 2024 ఆగస్టు 10వ తేది రాత్రి ఆ యానకట్ట 33 తలుపులలో 19వ తలుపు కొట్టుకొనిపోగా, నిండిన జలాశయమునుండి నీరు వ్యర్థముగా నదిపాలయ్యెను. తాత్కాలికపు తలుపు నమర్చువరకును మూడు రాష్ట్రముల రైతులు గుండెలు చిక్కబట్టుకొనియుండిరి. డెబ్బది యేండ్ల తలుపొకటి తెగినచో ఎన్ని లక్షల ఎకరముల పంట చిక్కున పడునో అప్పుడు తెలిసెను. ఎకరము వెల చెప్పు దళారి ఈ సంగతులను దస్తావేజులో వ్రాయడు.

ఇక కొరవడునది నీరు గాక, హక్కు అయినచో ఏమగును? ఖమ్మము, పశ్చిమ గోదావరి ఎగువ ప్రాంతములందలి ఏజెన్సీ భూములు చౌకయని విని పోయినవారు మనలో కలరు. ఏజెన్సీలలో భూమిని గిరిజనులు గానివారికి బదిలీ చేయరాదని 1959 నాటి మొదటి రెగ్యులేషను ఏర్పడినది. 1970లో దానిని మరింత గట్టిచేసిరి. గిరిజనేతరుని చేతిలోనున్న భూమి గిరిజనునినుండి వచ్చినదేయని ఆ శాసనము భావించును. కాదని ఋజువు చేయుభారము భూమి చేతనున్నవానిదే. అట్టి చోట దస్తావేజు వ్రాయించుకొనిన కాగితము కాగితమే. తరతరములుగా ఆ కొండల నాశ్రయించిన జనుల న్యాయమైన హక్కును సొమ్ము మార్పలేదు, మార్పగూడదు. అట్లే ప్రభుత్వము బీదలకిచ్చిన అసైన్డు భూముల బదిలీని 1977 నాటి చట్టము నిషేధించినది. ఆంధ్రప్రదేశమున 2023లో కొన్ని సడలింపులు వచ్చినను, ఆ సడలింపు తాను కొనబోవు భూమికి వర్తించునో లేదో వకీలుచేత చూపించుకొనక బయానా ఇచ్చుట అవివేకము. కర్ణాటకములో వ్యవసాయదారుడు గానివాడు భూమి కొనగూడదను నిబంధన చాలకాల ముండి 2020లోనే తొలగింపబడినది. రాష్ట్రమున కొక శాసనము. సరిహద్దు దాటిన రైతు తన యెడ్లను, నాగలిని తీసికొనిపోగలడు కాని, తన యూరి శాసనమును తీసికొనిపోలేడు.

భాష నాలుగవది. తుంగభద్రకు మనవారు పోయినప్పుడు రాయచూరు హైదరాబాదు రాష్ట్రములోనిది. తెలుగువారును, కన్నడిగులును, మరాఠీలును కలసియుండిన రాష్ట్రము. 1956 నవంబరు 1న అది మైసూరు రాష్ట్రమున చేరెను. పోయినవాడు కదలలేదు, రాష్ట్రమే కదలినది. అంతకు ముందే, 1953లో, బళ్ళారి మైసూరుపాలయ్యెను. భాషారాష్ట్రములకై మనమే ఉద్యమించితిమి. ఆ న్యాయము కన్నడిగులకును చెల్లును. కాని క్యాంపులలోని తెలుగు బాలుడు బడిలో కన్నడము చదువుచు, ఇంట తెలుగు మాటలాడుచు పెరిగెను. అతని కుమారునకు తెలుగు మాటలు వచ్చును, అక్షరములు రావు. ఇందువలన నష్టము లేదని కొందరందురు. కన్నడము మంచి భాష, సోదరభాష, అన్నము పెట్టు భాష. ఆ మాట నిజమే. అయినను, మనుమడు తాత వ్రాసిన ఉత్తరమును చదువలేని దినము వచ్చునని తెలిసియే పోవలెను. తెలియక పోయి, పిదప విలపించుట తగదు.

భాష యొక్కటే అయినచోట గూడ ‘స్థానికుడు, పరాయివాడు’ అను ప్రశ్న పుట్టకపోలేదు. హైదరాబాదు రాష్ట్రమున 1952లో ముల్కీ ఆందోళనమును, 1969లో తెలంగాణోద్యమమును చూచితిమి. 2014లో రెండు రాష్ట్రములైనవి. సముద్రము దాటినవారి కథ మరింత కఠినము. రంగూనునకు పోయిన మన కూలీలు, కోరంగి రేవునుండి పోయినందున, ‘కోరంగీలు’ అను పేర పిలువబడిరి. 1930లో అచ్చటి రేవుపనివారల మధ్య చెలరేగిన కల్లోలములో పెక్కుమంది ప్రాణములు కోల్పోయిరి. 1941 డిసెంబరులో రంగూనుపై బాంబులు పడగా, లక్షలాది భారతీయులు అడవుల వెంట, కొండల వెంట నడచి స్వదేశమునకు పారివచ్చిరి. బర్మాను, తుంగభద్రను ఒక్కటిగా నెంచుట మా తాత్పర్యము కాదు. భారతదేశమున నెచ్చటనైనను సంచరించుటకును, నివసించుటకును మన రాజ్యాంగముయొక్క 19వ అనుచ్ఛేదము పౌరునకు హక్కిచ్చుచున్నది. కాని హక్కు ఇచ్చునది రాజ్యాంగము. ఆదరణ ఇచ్చునది ఇరుగుపొరుగు. రెండవది లేనిచో మొదటిది న్యాయస్థానమున మాత్రమే పనికివచ్చును.

ఇచ్చట మేము చెప్పక తప్పని మాట యొకటి. చౌకగా కొన్నవాడు ఉన్నాడన్నచో చౌకగా అమ్మినవాడు గూడ ఉన్నాడు. రాయచూరు జొన్నరైతు కాలువ రాకముందటి వెలకో, వచ్చిన తొలినాటి వెలకో తన రేగడిని అమ్ముకొనెను. పదియేండ్లు గడచునప్పటికి ఆ భూమిపై రెండు పంటలు పండుచుండగా, ఆ పొలమునందే కూలికి వచ్చినవారును లేకపోలేదు. వానిని మోసపుచ్చితిమని మన మనుకొననక్కరలేదు, బేరము బేరమే. కాని వాని మనస్సులో రగులు బాధ నిజమైనది. మన డెల్టా గ్రామమునకే నగరమునుండి ధనికుడు వచ్చి, మనకు తెలియని రహదారి వార్త తనకు తెలిసి, మన పొలమును నేటి వెలకు కొని, రేపు పదిరెట్లకు అమ్మినప్పుడు మనకు కలుగు బాధ ఎట్టిదో అట్టిదియే. ఒక వైపున మనకు జరిగినప్పుడు దోపిడి యని, వేరొక వైపున మనము చేసినప్పుడు సాహసమని పిలుచుట న్యాయబుద్ధి గాదు. పోయినచోట స్థానికునకు కూలి సరిగా నిచ్చుట, కాలువనీటిలో చివరివాని వంతును హరింపకుండుట, బడికిని గుడికిని చందా లిచ్చుట, వారి భాష నేర్చి వారి పండుగలలో పాలుగొనుట - ఇవి ధర్మము మాత్రమే కాదు. భూమి వెలలో చేరవలసిన, దస్తావేజున కనబడని భాగము. దీనిని చెల్లించినవారి క్యాంపులు ఊళ్ళయినవి. చెల్లింపనివారివి నేటికిని క్యాంపులే.

అట్లయిన పోక నిలుచుట శ్రేయమా? నిలుచుటకును వెల కలదు. రెండెకరముల రైతు ఖరీదైన నేలపై కూరుచుండి, పిల్లల చదువులకు అప్పుచేసి, తుదకు ఆ యప్పు తీర్చుటకు అదే నేలను తొందరలో తక్కువకు అమ్ముట మన మెరుగనిది కాదు. నిలిచి నష్టపడుటకంటె పోయి బ్రదుకుట మేలు. కాని పోవుటయు నిలుచుటయు గాక మూడవ మార్గము గూడ కలదు. పొలము నమ్మక, స్వగ్రామమున కౌలు కిచ్చి, క్రొత్తచోట కౌలునకు తీసికొని దున్నుట. చౌక ప్రాంతమున కౌలును చౌకగనే యుండును. రెండేండ్లు దున్ని చూచినవానికి ఆ నేల, ఆ నీరు, ఆ జనులు తెలియుదురు. నచ్చనిచో ఇల్లు చేరుటకు దారి మూసికొనిపోదు. డెల్టా భూమి ఒకసారి అమ్మినచో మరల కొనుట సామాన్యునకు సాధ్యము కాదు. పది యెకరములు అచ్చట అమ్మినను రెండెకరములు ఇచ్చట రాకపోవచ్చును. ఈ ద్వారము ఒకవైపుననే తెరచుకొనునని జ్ఞప్తియందుంచుకొనవలెను.

కావున వలసను గూర్చి ఆలోచించువారికి మా సలహాలు ఇవి. వానకాలమున పొలము చూడబోకుడు; అప్పుడు అన్ని కాలువలును నిండుగనే యుండును. చైత్రవైశాఖములలో పొండు, కాలువ చివరకు నడచి చూడుడు. దళారి చూపిన రైతునుగాక, అతడు చూపని రైతును అడుగుడు. గడచిన పదియేండ్లలో రెండవ పంటకు ఎన్నిసార్లు నీరు వచ్చెనని యడుగుడు. నేల పైపొరను తవ్వి, మట్టిని పరీక్షకు పంపుడు. చౌడు కంటికి కనబడునప్పటికి ఆలస్యమైపోవును. పట్టా, పూర్వపు దస్తావేజులు, భూమి స్వభావము వీనిని ఆ రాష్ట్రపు శాసన మెరిగిన వకీలుచేత చూపించుకొనుడు. ఒంటరిగా పోవలదు, నాలుగు కుటుంబములు కలసి పొండు. ఉన్నదంతయు అమ్ముకొని పోవలదు. ఇల్లును, పెరడును అయినను స్వగ్రామమున నుంచుకొనుడు. అప్పుచేసి కొనవలదు, క్రొత్తనేల మొదటి మూడేండ్లు తిన్న దానికంటె తినబెట్టించుకొనినది ఎక్కువ.

ఇంటి యిల్లాలిని అడుగుట మరువవలదు. వలస నిర్ణయము రచ్చబండయొద్ద పురుషులు చేయుదురు. దాని కష్టము వంటయింటియందును, నీళ్ళబావియొద్దను స్త్రీ పడును. పురుషునకు పొలము తోడు. ఆమెకు పుట్టిల్లు దూరము, పొరుగింటి భాష తెలియదు, పురుటికి తల్లి రాలేదు, పిల్లకు జ్వరము వచ్చిన వైద్యు డెక్కడనో. తుంగభద్రా క్యాంపుల తొలినాటి కష్టములలో సగము ఆమె మోసినది. సంపాదన లెక్కలలో ఆమె పేరు కనబడదు. ఆమె వలదన్నచోట, ఆ మాటను పిరికితనముగా నెంచక, మన లెక్కలో పట్టని పద్దేదో ఆమెకు కనబడెనని యెంచుట వివేకము.

వృద్ధులకును, ఒంటరివారికిని, కట్నపు అప్పు తీర్చుటకై అమ్ముకొనువారికిని వలస హితవు కాదని మా దృఢాభిప్రాయము. చేయి గట్టిగానున్న, పని యెరిగిన, భాష నేర్వగల యువకునకు, తగు జాగ్రత్తతో, అది మేలు చేయగలదు. మన తాతలు ధైర్యవంతులు. వారు పోయిరి, కట్టిరి, నిలిచిరి. కాని వారిని నిలిపినది చౌకవెల కాదు. ఆ నేలకు లేనిది వారియొద్ద నుండినది. దానిని వారు దాచుకొనక వెచ్చించిరి. నేడు పోదలచిన యువకుడు తన మూటను విప్పి చూచుకొనవలెను. అందున్నది సొమ్ము మాత్రమే అయినచో, ఆ సొమ్ము కరగుటకు డెల్టాను విడిచి దూరము పోనక్కరలేదు.